పోలీసును ఫోన్‌లో తీయాల్సి వస్తే

బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర పదకొండేళ్లుగా క్యాబ్ తోలుతున్నా. మన అనంతపురం, మదనపల్లె కుర్రాళ్లు తరచూ అడుగుతారు: అన్నా, పోలీసును వీడియో తీయొచ్చా?

రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును తీయకూడదని ప్రత్యేకంగా చట్టమేదీ లేదు తమ్ముడూ. స్టేషన్ కూడా అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని 2022లో బాంబే హైకోర్టు చెప్పింది. వాళ్ల పనికి అడ్డం పడితే మాత్రం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 221 కింద కేసవుతుంది. అందుకే పది అడుగులు వెనక్కి నిలబడు. వెనక్కి పొమ్మంటే "ఆయ్తు సార్" (కన్నడలో సరే సార్) అని ఇంకో రెండడుగులు జరుగు, కెమెరా మాత్రం ఆపకు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా వస్తుంది. ఇంట్లోనే వేళ్లకు అలవాటు చెయ్యి. ముందు షాపు బోర్డు, బండి నంబరు పడనివ్వు. నోరు మాత్రం మెదపకు. మా తమ్ముణ్ణి ఒక పోలీసాయన చెంప మీద కొట్టినప్పుడు నేను అరుస్తూ తీశాను. ఆయన అన్న మాట ఒక్కటీ వినబడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. 2020లో అమెరికాలోని మినియాపొలిస్‌లో 17 ఏళ్ల డార్నెల్లా ఫ్రేజర్ నిలకడగా తీసిన వీడియో పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసులో ముఖ్య సాక్ష్యమైంది.

తర్వాత అసలు ఫైలును కత్తిరించొద్దు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే నాణ్యత పోదు. కోర్టుకిచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, లాయరును అడుగు. దెబ్బలు తిన్నవాళ్ల ముఖాలు వాళ్లను అడగకుండా ఎక్కడా పెట్టకు.