‘టేక్’ అంటే ప్రతిసారీ తీసుకోవడమేనా?

టేక్‌కి ‘తీసుకొను’ అన్న ఒక్క అర్థమే బట్టీపడితే సగం వాక్యాల్లో బోల్తా పడతాం. ‘ఇట్ టేక్స్ టూ అవర్స్’ అన్నప్పుడు ఎవరూ ఏదీ తీసుకోవడం లేదు, రెండు గంటలు పడుతుంది, అంతే. పట్టే సమయం, శ్రమ, ఓపిక గురించి చెప్పాలంటే వాక్యాన్ని ‘ఇట్’తో మొదలుపెట్టండి. ఎవరికి పడుతుందో కూడా చెప్పాలనుకుంటే ఆ మాట టేక్స్ వెంటనే రావాలి: ‘ఇట్ టేక్స్ మీ టూ అవర్స్’. మన ‘నాకు’లోని ‘కు’ని మోసుకొచ్చి ‘టు మీ’ అంటే తప్పు.

ఈ మాట అసలు ఇంగ్లీషుది కాదు. ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగుల భాష పాత నార్స్. అందులోని ‘టకా’ నుంచి పుట్టింది. చేత్తో పట్టుకోవడం దాని అర్థం. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళు ‘నిమన్’ అనేవారు. జర్మన్‌లో దాని తోబుట్టువు ‘నేమెన్’ నేటికీ వాడుకలో ఉంది. ఇంగ్లీషులో మాత్రం నిమన్ పోయి, దాని ఆనవాళ్ళుగా ‘నంబ్’, ‘నింబుల్’ (చురుకైన) మిగిలాయి. నంబ్ అంటే మొద్దుబారిన, అంటే స్పర్శను ఏదో పట్టుకుపోయిన స్థితి!

బ్రింగ్‌తో తికమక మనకు రాకూడదు. తీసుకురా అంటే బ్రింగ్, తీసుకెళ్ళు అంటే టేక్. రావడమా, వెళ్ళడమా అన్నది తెలుగు క్రియలోనే ఉంది.

నామవాచకం జతైతే తెలుగు క్రియ మారిపోతుంది. టేక్ ఎ ఫొటో: తీయడం. టేక్ ఎ సీట్: కూర్చోవడం. టేక్ ఎ టాబ్లెట్: వేసుకోవడం. టేక్ యాన్ ఎగ్జామ్: రాయడం. ఇక్కడ ‘రైట్’ వాడితే, ప్రశ్నపత్రం తయారుచేస్తున్నారని కొందరు అనుకోవచ్చు.

రూపాలు టేక్, టుక్, టేకెన్. హ్యాజ్, హ్యావ్ ల తర్వాత టేకెన్ మాత్రమే. ‘హ్యాజ్ టుక్’ అనకూడదు.

ఎక్కువగా తడబడేది ‘ఆఫ్’, ‘ఆఫ్టర్’ దగ్గర. విమానం గాల్లోకి లేచినా, చొక్కా విప్పినా టేక్ ఆఫే. ‘టేక్ ఆఫ్ ది షర్ట్’, ‘టేక్ ది షర్ట్ ఆఫ్’ రెండూ సరే. కానీ చొక్కా బదులు ‘ఇట్’ వస్తే మధ్యలోనే ఇరికించాలి: ‘టేక్ ఇట్ ఆఫ్’. పోలిక చెప్పే ‘టేక్ ఆఫ్టర్’ మాత్రం విడదు: ‘షి టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్’, తల్లి పోలికే.