సొరలూ వాటి చుట్టాలూ, మూడో పాఠం: తిరగేసి చూడండి

ఈసారి గుడ్ల గురించి చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. పోయిన పాఠంలో ఇచ్చిన ఒక్క గుర్తు దగ్గరే చాలా ఇళ్లలో పంచాయితీ నడిచిందట, ముందు అది తేలాలి.

ఆ గుర్తు ఇదీ: మొప్ప చీలికలు తలకు పక్కన ఉంటే సొర, అడుగున పొట్ట వైపు ఉంటే టేకు చేప (ఇంగ్లీషులో రే). ఇందులో మెలికేమీ లేదు. కానీ పిల్లలు స్టింగ్‌రే అనే టేకు చేప ఫోటోని పైనుంచి చూసి, కళ్ల వెనక రెండు కన్నాలు కనబడగానే "ఇవిగో మొప్పలు, పైనే ఉన్నాయి, ఇది సొరే" అని తేల్చేశారట. మల్కాజ్‌గిరి నుంచి ఒకావిడ "మీ లెక్కన టేకు చేపలన్నీ సొరలైపోతాయి కదండీ, మా వాడు ఒప్పుకోవట్లేదు" అని రాశారు. వాడు బాగా చూశాడు, చూసిందేంటో ఎవరూ చెప్పలేదు అంతే.

అవి మొప్పలు కావు, స్పైరకిల్స్. పిల్లలకు "నీళ్లు పీల్చే కన్నాలు" అంటే చాలు. టేకు చేపల్లో చాలావరకు ఇసుకలో పొట్ట ఆనించి పడుకుంటాయి, వాటి నోరేమో కింద ఉంటుంది. ఆ నోటితో నీళ్లు పీలిస్తే ఇసుకా బురదా మొప్పల్లోకి పోతాయి. అందుకని పైనున్న కన్నాల్లోంచి శుభ్రమైన నీళ్లు లోపలికి తీసుకుని, కింది చీలికల్లోంచి బయటికి వదుల్తాయి. చెప్పడం కంటే చేయించడం సులువు: పిల్లల్ని చాప మీద బోర్లా పడుకోబెట్టి "నీ ముక్కు వీపు మీదుంటే ఎంత హాయో చూడు" అనండి, నవ్వుకుంటూ గుర్తుపెట్టుకుంటారు. అడుగున పడుకునే సొరలకు కూడా ఈ కన్నాలు పెద్దవే ఉంటాయి. ఎప్పుడూ ఈదుతూ తిరిగే చాలా సొరలకు మాత్రం చిన్నవై ఉంటాయి, కొన్నింటికి అసలుండవు. కాబట్టి పిల్లలకు నేనిచ్చే సూత్రం: కంటి వెనక ఒంటరిగా ఉన్నది కన్నం, వరుసగా అయిదున్నవి మొప్పలు. ఆరు, ఏడు చీలికలున్న సొరలు కూడా ఉన్నాయి గానీ, ఎవరైనా లెక్కపెట్టి అడిగితేనే చెప్పండి.



ఇక నాకు ఒళ్లు మండే విషయానికొస్తాను. "బల్లపరుపుగా ఉంటే టేకు, పొడుగ్గా ఉంటే సొర" అని నేర్పేవాళ్లున్నారు. చార్టుల్లోనూ, ప్లాస్టిక్ సముద్ర జంతువుల సెట్లలోనూ ఇదే పాఠం. అడుగు భాగం చూద్దామని బొమ్మ తిప్పితే నున్నగా ఉంటుంది, ఒక్క గీత ఉండదు, ఇంకా పిల్లలు ఏం చూసి నేర్చుకోవాలి? ఈ ఆకారం లెక్కని చెడగొట్టడానికి ఏంజెల్ షార్క్ ఒక్కటి చాలు. అది ఇసుకలో బల్లపరుపుగా పడుకుని, దగ్గరికొచ్చిన చేపని గబుక్కున పట్టేస్తుంది. చూడ్డానికి అచ్చం టేకు, కానీ సొర. దాని పక్క వాజాలకూ తలకూ మధ్య సందు ఉంటుంది, మొప్పలు ఆ సందు దగ్గర ఉంటాయి. టేకు చేపకు ఆ సందు ఉండదు, వాజాలు తలకు అతుక్కుపోయి ఉంటాయి, అందుకే దాని మొప్పలు అడుగున పడ్డాయి. ఇది అర్థమైన పిల్లలు మళ్లీ తడబడరు. ఆస్ట్రేలియా వైపు ఉండే వాబిగాంగ్ కూడా పరుపులా పడుకునే సొరే, మూతి చుట్టూ గడ్డంలా చిన్న చిన్న పోగులు వేలాడుతుంటాయి.

తిరగేస్తే కథ ఇంకోలా ఉంటుంది. గిటార్ ఫిష్ వెనక సగం సొర, ముందు సగం టేకు. తోక ఊపుతూ సొరలాగే ఈదుతుంది. మొప్పలు కింద. కాబట్టి టేకు.

రంపం ఉన్న వాటి దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ పెద్దవాళ్లు కూడా బోల్తా పడతారు. మూతికి రంపం ఉన్న చేపలు రెండు రకాలు. సాఫిష్ టేకు చేపల జాతి, మొప్పలు కింద. 6 మీటర్లు దాటి పెరిగేవీ ఉన్నాయి, మన దేశపు తీరాల్లోనూ ఉండేవి, ఇప్పుడు చాలా అరుదు. సాషార్క్ సొర, మొప్పలు పక్కన, పెద్దదయినా రెండు మీటర్లు దాటదు, ఆస్ట్రేలియా, జపాన్, దక్షిణాఫ్రికా వైపు సముద్రాల్లో ఉంటుంది. ఫోటోలో అడుగు కనబడకపోతే? రంపం చూడండి. సాషార్క్ రంపం మధ్యలో రెండు మీసాలు వేలాడతాయి, సాఫిష్‌కి మీసాలుండవు. సాఫిష్ రంపం పళ్లు దాదాపు ఒకే సైజు, సాషార్క్‌వి చిన్నా పెద్దా కలగలిసి ఉంటాయి. మీసం ఒక్కటి చూసి చెప్పేయొచ్చు, నేను అదే చేస్తాను, కానీ పిల్లలతో మాత్రం మొప్పల నుంచే మొదలుపెట్టించండి. మా కాలనీ పిల్లలకు ఇందులో బాగా నచ్చిన సంగతి వేరే: సాఫిష్ పిల్ల పుట్టేటప్పుడు రంపం మెత్తగా, పైన తొడుగుతో ఉంటుంది, లేకపోతే తల్లి కడుపు గాయపడదూ!

కైమీరాల గురించి రెండు ముక్కలు. ఇవీ మృదులాస్థి చేపలే (ఎముకలకు బదులు మన చెవి డొప్పలో ఉండేలాంటి మెత్తటి అస్థి ఉన్నవి), సొరలకు దూరపు చుట్టాలు, లోతైన నీళ్లలో ఎక్కువ. వాటి మొప్పలకు పక్కకొక్క మూత ఉంటుంది. రాంనగర్ మార్కెట్లో బొచ్చె చేప మొప్ప ఎత్తి చూసిన పిల్లలు "అయితే ఇది బొచ్చె చుట్టం" అనేస్తారు. బొచ్చెకు ఒంటి లోపల ఎముకల ముళ్లుంటాయి, కైమీరాకు అలాంటి ఎముకలుండవు, అంతవరకు చెప్పి ఆపండి.

సొర అంటే నోరూ, పళ్లూ, రక్తం అనే పాఠాలు నాకు పడవు. అందుకే నా మొదటి బొమ్మ ఎప్పుడూ తిమింగల సొరే. చేపలన్నిటిలోకీ పెద్దది, 18 మీటర్ల దాకా పెరుగుతుంది, నీళ్లు వడగట్టి పాచిలాంటి చిన్న చిన్న జీవుల్ని తింటుంది. పక్కన మొప్ప చీలికలు ఎంత పెద్దవంటే ఫోటోలో వెతకనక్కర్లేదు. మన దేశంలో 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం నేరం, ఆ ఏడాదే సాఫిష్‌లనూ ఆ జాబితాలో చేర్చారు. గుజరాత్ తీరంలో వలలో పడితే జాలర్లే ఖరీదైన వల కోసేసి వదిలిపెడుతున్నారు. ఈ కథ చెప్పాక పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "మరి వల డబ్బులు ఎవరిస్తారు?" అదే. ప్రభుత్వం పరిహారం ఇస్తుందని చెప్పండి.

అభ్యాసం. ఇది కష్టంగానే ఉంటుంది, ఒక ఆదివారం మొత్తం పట్టొచ్చు. వినాయక చవితికి తెచ్చిన బంకమట్టి మిగిలి ఉంటే సరే, లేకపోతే గోధుమపిండి ముద్ద అయినా పర్లేదు. ఏంజెల్ షార్క్, స్టింగ్‌రే, గిటార్ ఫిష్, సాఫిష్, సాషార్క్, తిమింగల సొర చేయించండి. అందం అక్కర్లేదు. టూత్‌పిక్‌తో మొప్ప చీలికలు అయిదేసి, సరైన చోట గీయాలి, సాషార్క్‌కి మీసాలు పెట్టాలి, స్టింగ్‌రేకి కళ్ల వెనక కన్నాలు పొడవాలి. ఆరాక, కళ్లకు గంతలు కట్టి, వేళ్లతో తడిమి సొరా టేకా చెప్పమనండి. బొమ్మ చేసినవాళ్లు తమ బొమ్మ తడమకూడదు, వేరేవాళ్లది తీసుకోవాలి. ఎవరైనా ముందు తోకో, రంపమో పట్టుకుని చెప్పేస్తే, జవాబు కరెక్టయినా మార్కు ఇవ్వకండి.