అమెరికాలో పెద్ద గుర్రపు ట్రైలర్ లాగడానికి ఏ లైసెన్సు కావాలి?

ట్రైలర్ ఎంత పొడవుంది, ఎన్ని గుర్రాలు పడతాయి అన్నవాటితో లైసెన్సుకు సంబంధం లేదు. చూడాల్సింది రెండు స్టిక్కర్లు. ఒకటి పికప్ డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కనే కనిపిస్తుంది, రెండోది ట్రైలర్‌కు ఎడమవైపు ముందు భాగంలో ఉంటుంది. రెండింటి మీదా జీవీడబ్ల్యూఆర్ ఎదురుగా ఉన్న అంకె రాసుకోండి. సరుకుతో సహా ఆ బండి ఎంత బరువు దాకా ఉండొచ్చో తయారీదారు పెట్టిన హద్దు అది.

రెండు అంకెలూ కలిపితే 26,001 పౌండ్లు (సుమారు 11,794 కిలోలు) లేదా అంతకు మించి ఉండి, ట్రైలర్ ఒక్కటే 10,000 పౌండ్లు దాటితే అది క్లాస్ ఏ, అంటే బరువైన ట్రైలర్ లాగే బండ్ల తరగతి. రెండు షరతులూ కలిసి రావాలి. 14,000 పౌండ్ల డ్యూయలీ పికప్‌కు (వెనక నాలుగు చక్రాలుండేది) 14,000 పౌండ్ల గూస్‌నెక్ (పికప్ వెనక తొట్టిలో తగిలించే ట్రైలర్) తగిలిస్తే మొత్తం 28,000, అంటే క్లాస్ ఏ కిందికి వచ్చేసింది. అదే ట్రైలర్‌ను 10,000 పౌండ్ల పికప్‌తో లాగితే 24,000 మాత్రమే, కాబట్టి రాదు. అయితే లైసెన్సు తప్పించుకోవడానికని చిన్న పికప్ కొనకండి. అది ఆ బరువు లాగగలదా, ఆపగలదా అన్నది ముందు చూడాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: "ట్రైలర్ ఖాళీగానే ఉంది కదా" అనుకుంటారు. ఖాళీగా ఉన్నా స్టిక్కర్ మీది అంకే లెక్క. పరిమితికి మించి ఎక్కిస్తే అసలు బరువు లెక్కలోకి వస్తుంది. రెండింట్లో ఏది ఎక్కువైతే అది.

తర్వాత తేలాల్సింది ఇది వ్యాపారమా, సొంత పనా అన్నది. డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాలు తరలిస్తే వ్యాపారమే, పై బరువులు దాటితే సీడీఎల్ (కమర్షియల్ డ్రైవర్ లైసెన్సు) కావాలి. సొంత గుర్రాన్ని అప్పుడప్పుడు పోటీకి తీసుకెళ్తే, బహుమతి డబ్బు వచ్చినంత మాత్రాన వ్యాపారం కాదు. కానీ ఆ డబ్బును మామూలు ఆదాయంగా చూపాలి, ఖర్చులను వ్యాపార ఖర్చుగా పన్నులో తగ్గించుకోకూడదు, కంపెనీ స్పాన్సర్‌షిప్ ఉండకూడదు. పన్ను తగ్గుతుందని ఖర్చులు రాసేసుకుని, రోడ్డు మీద ఆపినప్పుడు "ఇది సరదాకే" అంటే చెల్లదు.

సీడీఎల్ అక్కర్లేదంటే మామూలు కారు లైసెన్సు సరిపోతుందని కాదు. టెక్సాస్‌లో పై బరువులు దాటితే సొంత పనికైనా నాన్-కమర్షియల్ క్లాస్ ఏ తీసుకోవాలి. కొన్ని రాష్ట్రాల్లో నిబంధన వేరు, కాబట్టి మీకు లైసెన్సు ఇచ్చిన రాష్ట్రాన్నే అడగాలి. రైతులకు ప్రత్యేక మినహాయింపు ఉంది, కిరాయికి తోలితే మాత్రం అది వర్తించదు.

వ్యాపారం మీద రాష్ట్రం దాటేవాళ్లకు ఇంకో మెలిక: మొత్తం 10,001 పౌండ్లకు చేరితే చాలు, సీడీఎల్ అవసరం లేకపోయినా యూఎస్‌డాట్ నంబరు (అమెరికా రవాణా శాఖ ఇచ్చేది), మెడికల్ సర్టిఫికెట్ కావాలి.

సీడీఎల్ క్లాస్ ఏ కొత్తగా తీసుకునేవాళ్లు ముందు రాత పరీక్ష రాసి లెర్నర్ పర్మిట్ తెచ్చుకోవాలి. 2022 ఫిబ్రవరి 7 నుంచి నమోదైన సంస్థలో శిక్షణ తప్పనిసరి. పర్మిట్ వచ్చాక కనీసం 14 రోజులు ఆగి బండి తనిఖీ, వెనక్కి తోలడం లాంటి నియంత్రణ, రోడ్డు పరీక్షలు ఇవ్వాలి. వ్యాపారం మీద రాష్ట్రం దాటాలంటే 21 ఏళ్లు నిండాలి.

పరీక్షకు మీ పికప్, గూస్‌నెక్ తీసుకెళ్లవచ్చు. ఎయిర్ బ్రేకులు లేనందుకు ఎల్, ఫిఫ్త్ వీల్ (సెమీ ట్రక్కులకు ఉండే పళ్లెం లాంటి కొక్కెం) కానందుకు ఓ, ఆటోమేటిక్ గేర్లయితే ఈ అనే పరిమితులు లైసెన్సు మీద పడతాయి. గుర్రాలు లాగడానికి వీటితో ఇబ్బంది లేదు. రేపు సెమీ ట్రక్కు తోలాలనుకుంటే మాత్రం అలాంటి బండితో మళ్లీ పరీక్ష ఇవ్వాల్సిందే.