పాత ఎంఎక్స్-5కి కొత్త సస్పెన్షన్

సెకండ్ హ్యాండ్‌లో మాజ్డా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. 1989లో మార్కెట్లోకి వచ్చిన మొదటి తరం మోడల్. కొనేముందు ఇంజిన్ కన్నా తుప్పే ఎక్కువ చూశాను. డోర్ల కింద, వెనక చక్రాల ముందు పెయింట్ ఉబ్బిందంటే లోపల రేకు పోయినట్టే. ఇది ఆ విషయంలో నయం.

కానీ గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉండేది. ఎత్తి చూస్తే షాకబ్జార్బర్ల మీద నూనె కారిన జిడ్డు, సస్పెన్షన్ కీళ్ల దగ్గర అదురు తగ్గించే బుష్‌ల రబ్బరు నిండా పగుళ్లు.

చాలామంది కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాకబ్జార్బర్ సెట్లు) వేయమంటారు. రోజూ తిప్పే కారుకి చవక కాయిలోవర్ల కన్నా మంచి షాకబ్జార్బర్లు, కాస్త గట్టి స్ప్రింగులే మేలని నా లెక్క. అవే వేశాను, కొత్త బుష్‌లతో సహా.

అసలు తలనొప్పి చక్రాల్ని బాడీకి కలిపే కింది ఆర్మ్‌ల బోల్టులు. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు, సరిచేసేది వీటితోనే. ఇవి బుష్ లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయాయి. ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసినా, సుత్తితో బాదినా కదిలితే ఒట్టు! గ్రైండర్‌తో రెండు చివరలా కోసేసి, కొత్తవాటికి మళ్లీ అతుక్కోకుండా యాంటీ సీజ్ పేస్టు పూసి ఎక్కించాను.

రబ్బరు బుష్‌ల బోల్టులు కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించలేదు. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది.

ఆపైన అలైన్‌మెంట్. ముందు చక్రాలకి 1 డిగ్రీ నెగటివ్ కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెట్టించాను. ఇప్పుడు గతుకులో ఒక్కసారి దిగి లేచి కుదురుకుంటోంది. మలుపుల్లో ఒరగడం కూడా బాగా తగ్గింది.