పండగ సేల్స్ ముందు మెయిల్ బోర్డు చదవడం నేర్చుకోండి

దసరా సేల్స్ మొదలయ్యాయంటే మన ఇన్‌బాక్స్ విశాఖ పూర్ణామార్కెట్ అయిపోతుంది. ఆ తోపులాటలోనే దొంగ మెయిళ్ళూ దూరతాయి. "మీ ఖాతా ఆపేస్తున్నాం", "పేమెంట్ ఫెయిలైంది, కార్డు వివరాలు మళ్ళీ ఇవ్వండి"... గూగుల్, మైక్రోసాఫ్ట్, నెట్‌ఫ్లిక్స్, ఎవరి పేరైనా వాడేస్తారు. తప్పులతడకగా ఉంటే దొంగదని వెనక చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఏఐ చేత రాయిస్తున్నారు, మనకంటే శుభ్రంగా ఉంటున్నాయి.

గాజువాకలో ఉండే మా పెద్దమ్మకి మొన్న ఒకటొచ్చింది: "స్టోరేజీ నిండింది, 24 గంటల్లో ఫొటోలు పోతాయి." అమెరికా మనవడి ఫొటోలన్నీ అందులోనే. కంగారు పడదా మరి! గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, నిండడం మామూలే. నిండితే ముందు కొత్త మెయిళ్ళు రావడం ఆగుతుంది. రెండేళ్ళపాటు పరిమితి దాటే ఉంటే అప్పుడు గూగుల్ ఉన్నవి తీసేయొచ్చు. ఒక్కరోజు గడువు పెట్టేది దొంగే.

పంపినవాళ్ళ పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. ఆ పేరు మీద నొక్కి అసలు చిరునామా చూడండి. అది చదవడం మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు బోర్డు చదివినట్టే. "అనకాపల్లి, వయా గాజువాక" అంటే బస్సు చేరేది అనకాపల్లికి. చిరునామాలోనూ చివర, డాట్ కామ్‌కి ఆనుకుని ఏముందో అదే ఊరు. "గూగుల్ డాట్ ఏదోచెక్ డాట్ కామ్" అని ఉంటే గూగుల్ ఉత్త వయా! ఇంగ్లీషు 'ఆర్', 'ఎన్' అక్షరాలు పక్కపక్కన పెట్టి 'ఎమ్' అనిపించే మాయ కూడా ఉంది, కళ్ళజోడు పెట్టుకునే చూడండి.

బోర్డు సరిగ్గా ఉన్నా చాలదు. 2025 ఏప్రిల్‌లో బయటపడిన మోసంలో మెయిల్ గూగుల్ సొంత చిరునామా నుంచే వచ్చినట్టుంది, దొంగ పేజీ కూడా ఎవరైనా పేజీలు పెట్టుకోగలిగే గూగుల్ సైట్స్‌లోనే పెట్టారు. అందుకని మెయిల్ చూపించిన తలుపు తట్టనే వద్దు. యాప్ మీరే తెరిచి ఖాతాలోకి వెళ్ళండి. నిజంగా ఇబ్బంది ఉంటే అక్కడే కనిపిస్తుంది. ఓటీపీ ఉందిగా అనే ధీమా పనికిరాదు, దొంగ పేజీ దాన్నీ అడిగి అప్పటికప్పుడే అసలు సైట్‌లో టైప్ చేసేస్తుంది. పాస్‌వర్డ్ బదులు ఫోన్ వేలిముద్రతోనో పిన్‌తోనో లోపలికెళ్ళే పాస్‌కీ పెట్టుకుంటే ఆ బాధ లేదు, అది అసలు సైట్‌లో తప్ప పనిచేయదు.

పొరపాటున పాస్‌వర్డ్ ఇచ్చేశారా? వెంటనే మార్చి, అన్ని ఫోన్లలోంచీ సైన్ అవుట్ చేయండి. రికవరీ నంబరు (ఖాతా తిరిగి తెచ్చుకోడానికి ఇచ్చిన ఫోన్ నంబరు) మీదేనా, మెయిల్ ఫార్వర్డింగ్ ఏమైనా పెట్టి ఉందా అని కూడా చూడండి. మీ మెయిళ్ళు తనకీ వచ్చేలా దొంగ పెట్టుకుని పోతాడు, పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే ఉంటుంది. డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పొద్దున్నే బ్యాంకుకి వెళ్దాంలే అనుకుంటే ఆ డబ్బు రాత్రికి రాత్రే నాలుగు ఖాతాలు మారిపోతుంది.