అత్యాచార శిక్షకు అట్రాసిటీ సెక్షన్ తోడైతే హైకోర్టులో అప్పీలు ఎలా వేయాలి

తీర్పు కాపీ అందగానే ముందుగా నేరం జరిగిన తేదీ చూడండి. అది 2016 జనవరి 26కు ముందుదైతే, బాధితురాలు ఎస్సీ లేదా ఎస్టీ అయినందువల్లే నేరం జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చేసి ఉండాలి. ఆ తర్వాతి నేరమైతే, ఆమె కులం తెలిసి చేశాడని తేలితే చాలు, ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(2)(వి) కింద జీవిత ఖైదు పడుతుంది. ముద్దాయికి ఆమెతోగానీ కుటుంబంతోగానీ పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావిస్తుంది. కాదని చూపాల్సింది అతనే. ఒకే ఊరివాళ్లయితే కులం తెలియదనే వాదన మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

చాలా అప్పీళ్లు దెబ్బతినేది రెండు నేరాలనూ ఒకే గ్రౌండులో కలిపేయడం వల్ల. ఆంధ్రప్రదేశ్‌ నుంచి వెళ్లిన 2011 నాటి కేసులో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 27న అట్రాసిటీ సెక్షన్ కింద శిక్ష రద్దు చేసింది, అత్యాచారానికి వేసిన జీవిత ఖైదు మాత్రం అలాగే ఉంచింది. కుల ధ్రువీకరణ పత్రంలో లోపం, డీఎస్పీ కంటే కింది స్థాయి అధికారి దర్యాప్తు వంటివి అట్రాసిటీ భాగాన్నే తాకుతాయి. అత్యాచారం మీద వాదించాలంటే సాక్షుల వాంగ్మూలాలు, మెడికల్ రిపోర్టు, ఫోరెన్సిక్ ల్యాబ్ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు విడిగా చదవాల్సిందే.

అట్రాసిటీ చట్టం సెక్షన్ 14ఎ కింద అప్పీలు గడువు 90 రోజులు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నిస్తారు, కానీ చట్టం పెట్టిన హద్దు 180 రోజులు. అలహాబాద్ హైకోర్టు 2018లో ఆ హద్దును కొట్టేసింది. అయినా దాన్ని నమ్ముకుని కూర్చోకండి. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు లెక్కలోంచి పోతాయి, ఆ తేదీలు కాపీ మీదే ఉంటాయి. జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోన్ చేయండి.

శిక్ష నిలుపుదల పిటిషన్ కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 430 కింద వేస్తారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కే కాదు, అట్రాసిటీ చట్టం సెక్షన్ 15ఎ ప్రకారం బాధితురాలికీ నోటీసు అందాలి. అది లేకుండా తెచ్చుకున్న ఉత్తర్వు తర్వాత రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆమె పేరు, తండ్రి పేరు, ఊరు ఏ కాగితంలోనూ కనిపించకుండా చెరిపేయండి.

కింది కోర్టు అట్రాసిటీ సెక్షన్‌ను కొట్టేసినా, పరిహారం తక్కువ ఇచ్చినా బాధితురాలూ అప్పీలు వేయవచ్చు.