పసిబిడ్డను వెట్ వైప్స్ లేకుండా శుభ్రం చేసే పద్ధతి

వెట్ వైప్ చూడటానికి మెత్తని కాగితంలా ఉన్నా, చాలా రకాల్లో పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ పోగులు కలిసి ఉంటాయి కాబట్టి ఎంత తడిసినా చిరగదు. మరుగుదొడ్డిలో వేస్తే ఆ గట్టిదనమే చేటు చేస్తుంది. నీటిలో విడిపోకుండా పైపు వంపుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పేరుకుపోతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ మురుగు కాలువలో 250 మీటర్ల పొడవున, సుమారు 130 టన్నుల బరువుతో బయటపడిన కొవ్వు గడ్డలో వంటనూనెల జిడ్డుతో పెనవేసుకున్నవాటిలో ఈ వైప్స్ కూడా ఉన్నాయి.

చర్మం సంగతికి వస్తే, తడి గుడ్డను నెలల తరబడి ప్యాకెట్‌లో మూసి ఉంచితే బూజు పడుతుంది కనుక, 99 శాతం నీరే అని రాసి ఉన్నవాటిలో కూడా సాధారణంగా ఏదో ఒక ప్రిజర్వేటివ్ కలుపుతారు. అలాంటి ప్రిజర్వేటివ్‌లలో ఒకటైన మిథైల్‌ఐసోథయాజోలినోన్‌ను అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013 సంవత్సరపు అలర్జీ కారకంగా ప్రకటించింది. చర్మానికి పూసి కడగకుండా వదిలేసే ఉత్పత్తుల్లో దాన్ని ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. వైప్‌తో తుడిచాక మనమూ కడగం. ఆ తడి డైపర్ కింద అలాగే ఉండిపోతుంది.

ఇంట్లో ఉన్నప్పుడు గోరువెచ్చని నీరు, నూలు గుడ్డ సరిపోతాయి. బాగా ఉతికి మెత్తబడిన పాత పంచెను జానెడు చదరపు ముక్కలుగా కత్తిరించి, అంచులు తప్పనిసరిగా మడిచి కుట్టాలి. ఊడిన దారప్పోగు బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. మలాన్ని ముందు ఒక ముక్కతో ఎత్తి తీసేసి, మరో ముక్కను నీటిలో ముంచి పిండి, ముందు నుంచి వెనుకకు తుడవాలి, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. తొడల మడతల్లో తడి మిగలకుండా పొడి గుడ్డతో అద్దాలే తప్ప రుద్దకూడదు. చర్మం ఎర్రబడే తత్వం ఉంటే జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా రాయవచ్చు.

వాడిన గుడ్డలను జాడించి, మిగతా బట్టలతో కలపకుండా సబ్బుతో వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరవేయాలి. చాలా ఇళ్లలో చివరి నీటిలో యాంటీసెప్టిక్ ద్రావణం కలుపుతారు. సువాసన కోసం ఫాబ్రిక్ కండిషనర్ కూడా వేస్తారు. వైప్స్ మానేసి ఇవి మొదలుపెడితే, వదిలించుకున్న రసాయనాల స్థానంలో వేరేవి తెచ్చుకున్నట్టే అవుతుంది.

బస్సులోనో రైల్లోనో వైప్ తప్పకపోవచ్చు. అప్పుడు సువాసన, ఆల్కహాల్ లేనివి ఎంచుకుని, ఇల్లు చేరగానే నీటితో కడగాలి. వాడినవాటిని, ప్యాకెట్ మీద ఫ్లషబుల్ అని ఉన్నా సరే, మరుగుదొడ్డిలో వేయక, కాగితంలో చుట్టి డైపర్లతో పాటు విడిగా చెత్త బండికి ఇవ్వాలి.

వైప్స్ మానేసిన రెండు మూడు రోజులకూ ఎరుపు తగ్గకపోయినా, చీము పొక్కులు వచ్చినా వైద్యుణ్ణి కలవాలి. వెళ్లేటప్పుడు పాత ప్యాకెట్ వెంట తీసుకెళ్తే, అందులో ఏమేం కలిపారో ఆయన లేబుల్ మీదే చూసుకోగలుగుతారు.